జెమ్ టెండర్లలో ‘క్లాస్-1’ ప్రాధాన్యం: చిన్న కంప్యూటర్ తయారీదారుకు నిజంగా దక్కేది ఎంత?

సికింద్రాబాద్ సీటీసీ (కంప్యూటర్ల మార్కెట్) దగ్గర అన్నదమ్ములిద్దరూ కలిసి సొంత బ్రాండ్ పేరుతో డెస్క్‌టాప్‌లు అసెంబుల్ చేస్తున్నామని రాశారు. ఇన్నాళ్లూ ప్రైవేటు కాలేజీలకు, ఆడిటర్ ఆఫీసులకు ఇచ్చి, ఇప్పుడు ప్రభుత్వ కొనుగోళ్ల వెబ్‌సైట్ జెమ్ పోర్టల్లో కేంద్ర ప్రభుత్వ బిడ్లు వేస్తున్నారు. మీరడిగింది మూడు ముక్కలు. దేశీయ తయారీకి 20 శాతం ప్రాధాన్యం ఉందంటున్నారు కదా, మా రేటు ఎల్1 (అందరికన్నా తక్కువ రేటు వేసిన బిడ్డర్) కన్నా 10 శాతమే ఎక్కువైనా ఆర్డర్ ఎందుకు రాలేదు? బిడ్‌లో క్లాస్-1 (ధరలో సగమో, అంతకు మించో ఇక్కడే చేరిన సరుకు) అని పెట్టుకోవచ్చా? మదర్‌బోర్డు లైన్ పెడితే గిట్టుబాటవుతుందా?

ఇరవై ఏళ్లకు పైగా నా పని ఇదే. మొదట ఒక దేశీయ కంప్యూటర్ కంపెనీలో టెండర్ల విభాగం చూశాను, తర్వాత చిన్న తయారీదారులకు బిడ్లు తయారుచేసి పెడుతున్నాను. మీలాంటి వాళ్లు ఈ మార్కెట్లో నిలబడాలని గట్టిగా కోరుకునేవాణ్ని. అందుకే ఉన్నది ఉన్నట్టు చెబుతాను.

ముందు ఆ 20 శాతం సంగతి. ఎక్కువ రేటుకు కొంటామని ప్రభుత్వం ఎక్కడా చెప్పలేదు. 2017 జూన్‌లో వచ్చిన ‘మేక్ ఇన్ ఇండియా’ కొనుగోళ్ల ఉత్తర్వు మీకిచ్చేది ఎల్1 రేటుకు దిగి రావడానికి ఒక అవకాశం మాత్రమే. ఒక బిడ్‌లో 100 డెస్క్‌టాప్‌లు ఉన్నాయనుకోండి. ఎల్1 రేటు 46,000. ఎల్1 వచ్చినవాడు క్లాస్-1 కాదు. మీరు క్లాస్-1, మీ రేటు 50,600. 46,000 మీద 20 శాతం అంటే 55,200 దాకా హద్దు, మీరు ఆ లోపలే ఉన్నారు. అప్పుడు 50 మెషిన్లు ఎల్1కి పోతాయి, మిగతా 50 మీకు ఇస్తామంటారు. ఏ రేటుకి? 46,000కే. మీరు వద్దంటే మీ తర్వాతి క్లాస్-1 బిడ్డర్‌ను అడుగుతారు. ఎవరూ ఒప్పుకోకపోతే ఆ 50 కూడా ఎల్1కే పోతాయి. వస్తువును విడగొట్టి కొనడం కుదరని బిడ్ అయితే, ఎల్1 రేటుకు ఒప్పుకున్న క్లాస్-1 వాడికి మొత్తం ఆర్డర్ వస్తుంది.

ఇందులో మీరు గమనించాల్సిన మాట ఒకటుంది: ‘ఎల్1 వచ్చినవాడు క్లాస్-1 కాకపోతే’. ఎల్1 కూడా క్లాస్-1 అయితే ఈ తతంగమేమీ ఉండదు, ఆర్డర్ మొత్తం అతనిదే. డెస్క్‌టాప్, ల్యాప్‌టాప్ బిడ్లలో జరుగుతున్నది చాలావరకు ఇదే. మీకు ఆర్డర్ రాకపోవడానికి కారణం ఇదై ఉండొచ్చు, లేదా మీ సొంత డిక్లరేషన్లో క్లాస్-2 అని ఉండొచ్చు. క్లాస్-2 వాడికి బిడ్ వేసే అర్హత ఉంటుంది కానీ ఎల్1 రేటుకు దిగి వచ్చే ప్రాధాన్యం ఉండదు. ఆ బిడ్ ఫలితాల పేజీలో ఎల్1 ఏ క్లాస్ అని ప్రకటించుకున్నాడో చూడండి. బిడ్ డాక్యుమెంట్లో ‘ఎంఐఐ (మేక్ ఇన్ ఇండియా) పర్చేజ్ ప్రిఫరెన్స్: ఎస్’ అని ఉందో లేదో కూడా చూసుకోండి.

క్లాసుల లెక్క ఇది. లోకల్ కంటెంట్ (ధరలో ఇక్కడే చేరిన విలువ వాటా) 50 శాతం, ఆపైన ఉంటే క్లాస్-1. 20 నుంచి 50 లోపు ఉంటే క్లాస్-2. 20 కన్నా తక్కువైతే నాన్-లోకల్. 200 కోట్ల లోపు కొనుగోళ్లకు మామూలుగా గ్లోబల్ టెండర్ పిలవకూడదు కాబట్టి నాన్-లోకల్ వాళ్లు ఆ బిడ్లలో అడుగే పెట్టలేరు. సరిపడా దేశీయ తయారీ సామర్థ్యం, పోటీ ఉన్నాయని సంబంధిత శాఖ ప్రకటించిన వస్తువుల్లోనైతే క్లాస్-1కి తప్ప ఇంకెవరికీ ప్రవేశం లేదు. 5 లక్షల లోపు కొనుగోళ్లకు ఈ ఉత్తర్వే వర్తించదు. నా అనుభవంలో దేశీయ తయారీదారుకు అసలు మేలు చేసింది ఈ ప్రవేశ నిబంధనే. అందరూ మాట్లాడుకునే 20 శాతం మార్జిన్ వల్ల వచ్చిన ఆర్డర్లు చాలా తక్కువ.

‘ఎల్1 వచ్చింది విదేశీ బ్రాండ్ కదా, అది క్లాస్-1 ఎలా అవుతుంది’ అనుకుంటారేమో. ఈ ఉత్తర్వు యజమాని ఎవరని చూడదు, విలువ ఎక్కడ చేరిందన్నదే చూస్తుంది. డెల్‌కు, హెచ్‌పీకి శ్రీపెరుంబుదూరు ప్రాంతంలో, లెనోవోకు, ఏసర్‌కు పుదుచ్చేరిలో తయారీ ఉంది. అక్కడ తయారైన మెషిన్‌కి లెక్క కుదిరితే ఆ కంపెనీ మీతో సమానంగా లోకల్ సప్లయరే. దిగుమతి బోర్డు, దిగుమతి మానిటర్ కలిపి బిగించిన మన సొంత బ్రాండ్ లెక్కలో వెనకబడొచ్చు. చాలామంది చిన్న తయారీదారులకు ఇది అన్యాయంగా అనిపిస్తుంది. నాకు మాత్రం ఈ నిర్వచనం సరైనదే అనిపిస్తుంది. ఉద్యోగం, నైపుణ్యం ఇక్కడ పుట్టాలన్నదే లక్ష్యమైతే జెండా కన్నా ఫ్యాక్టరీ ముఖ్యం. అయితే ఫ్యాక్టరీలో జరిగే పని ఎంత లోతుగా ఉందన్నది నిజాయితీగా తేల్చాలి. అక్కడే అసలు గొడవ.

ఇక క్లాస్-1 అని పెట్టుకోవచ్చా అన్న ప్రశ్న. లెక్క వేయకుండా పెట్టకండి. మూల ఉత్తర్వు ఇచ్చిన సూత్రం సులువైనదే: జీఎస్టీ లాంటి దేశీయ పరోక్ష పన్నులు తీసేసిన అమ్మకం ధరలోంచి దిగుమతి సరుకు విలువ, దానిమీద కట్టిన కస్టమ్స్ సుంకాలతో సహా, తీసేయాలి. మిగిలింది మొత్తం ధరలో ఎంత శాతమో అది లోకల్ కంటెంట్. మీలాంటి అసెంబ్లర్ మెషిన్ ఒకటి తీసుకుందాం. అంకెలు లెక్క కోసం నేను వేసుకున్నవి, మీ బిల్లులు పెట్టుకుని మార్చుకోండి.

జీఎస్టీ కాకుండా ధర 50,000. ప్రాసెసర్ 12,500, మదర్‌బోర్డు 6,500, ర్యామ్ 3,000, ఎస్‌ఎస్‌డీ 3,500, మానిటర్ 6,500, విండోస్ లైసెన్స్ 6,000. ఇవన్నీ బయటి నుంచి వచ్చినవే. మొత్తం 38,000. మిగిలిన 12,000లో మీ క్యాబినెట్, ఎస్‌ఎంపీఎస్ అనే పవర్ సప్లై, కీబోర్డు, మౌస్ (అవి నిజంగా ఇక్కడ తయారైతేనే), కూలి, టెస్టింగ్, అద్దె, లాభం ఉంటాయి. అంటే 24 శాతం. మీరు క్లాస్-2. ఎస్‌ఎంపీఎస్, కీబోర్డు కూడా దిగుమతివే అయితే 20 కిందికి జారిపోయే ప్రమాదముంది.

ఇప్పుడు బోర్డు, మెమరీ, మానిటర్ ఇక్కడ తయారయ్యాయనుకోండి. బోర్డులో దిగుమతి చిప్‌లు, ఇతర విడిభాగాలు 3,500. మానిటర్లో దిగుమతి ప్యానెల్ 4,000. ర్యామ్, ఎస్‌ఎస్‌డీ రెండింట్లో దిగుమతి చిప్‌లు 5,000. ప్రాసెసర్, విండోస్ మామూలే. దిగుమతి విలువ మొత్తం 31,000కి దిగింది, లోకల్ కంటెంట్ 38 శాతానికి పెరిగింది. ఇంత చేసినా 50 రాలేదు! కొనేవాళ్లు విండోస్ అడగకుండా లినక్స్‌తో తీసుకుంటే ధర 44,000, దిగుమతి 25,000, లోకల్ 43 శాతం. డెస్క్‌టాప్‌లో ప్రాసెసర్ ఒక్కటే ధరలో పావు వంతు తినేస్తున్నప్పుడు ఈ సూత్రంతో సగం దాటడం ఎంత కష్టమో దీన్నిబట్టి అర్థమవుతుంది. మద్రాస్ ఐఐటీ ‘శక్తి’, సీడాక్ ‘వేగ’ ప్రాసెసర్ల మీద మంచి పని జరిగింది కానీ ఆఫీసు డెస్క్‌టాప్‌లో ఇంటెల్, ఏఎండీ స్థానంలో పెట్టే దశ ఇంకా రాలేదు.

మరి 50 శాతం అని ప్రకటించుకునేవాళ్లు ఎలా ప్రకటిస్తున్నారు? కేంద్ర ఎలక్ట్రానిక్స్, ఐటీ శాఖ 2020 సెప్టెంబర్‌లో డెస్క్‌టాప్‌లు, ల్యాప్‌టాప్‌లు, టాబ్లెట్ల లాంటి వస్తువులకు విడిగా నోటిఫికేషన్ ఇచ్చింది. ఏ భాగం మీద ఏ పని ఇక్కడ జరిగితే దాన్ని దేశీయంగా లెక్కించాలో వస్తువు వారీగా అందులో ఉంటుంది. మీ సర్టిఫికెట్ దాని ప్రకారమే ఉండాలి. నేను వేసిన ముతక లెక్కకి, దానికి తేడా వస్తుంది. దిశ మాత్రం మారదు. మీ క్లాస్‌ను తేల్చేవి బోర్డు, మెమరీ, డిస్‌ప్లే. క్యాబినెట్ మీద పేరు అచ్చు వేయించడం వల్ల ఒక్క శాతం కూడా పెరగదు.

కొన్ని దొడ్డిదారులు ఇప్పటికే మూసేశారు, తెలియక అందులో కాలు పెట్టకండి. ఇన్‌స్టలేషన్, రవాణా, ఇన్సూరెన్స్, శిక్షణ, ఏఎంసీ (ఏడాది మెయింటెనెన్స్ కాంట్రాక్టు) ఖర్చులను లోకల్ వాల్యూ అని చూపించి దిగుమతి మెషిన్‌ను లోకల్ చేసేవాళ్లు ఒకప్పుడు. అది చెల్లదని 2021లోనే స్పష్టం చేశారు. 2024 జూలై సవరణతో ఇంకొన్ని బిగిశాయి. దిగుమతి సరుకును ఇక్కడి డిస్ట్రిబ్యూటర్ దగ్గర రూపాయల బిల్లు మీద కొన్నా అది దిగుమతి కిందే లెక్క. సీటీసీలో కొన్న బోర్డుకు లోకల్ ఇన్వాయిస్ ఉంది కాబట్టి లోకల్ అనుకునేవాళ్లు ఇప్పటికీ నా దగ్గరికి వస్తుంటారు. అలాగే విదేశాలకు కట్టే రాయల్టీలు లోకల్ లెక్కకు రావు. దిగుమతి సరుకుకు పేరు మార్చి, ప్యాకింగ్ మార్చి ఇచ్చినా లోకల్ కాదు.

సర్టిఫికెట్ విషయానికొస్తే, 10 కోట్ల వరకు కొనుగోళ్లకు మీ సొంత డిక్లరేషన్ చాలు. ఏ ఊళ్లో, ఏ చిరునామాలో విలువ చేరిందో అందులో రాయాలి. 10 కోట్లు దాటితే కంపెనీ అయితే స్టాట్యుటరీ ఆడిటర్ లేదా కాస్ట్ ఆడిటర్, కంపెనీ కాకపోతే ప్రాక్టీసులో ఉన్న కాస్ట్ అకౌంటెంట్ లేదా సీఏ సర్టిఫికెట్ కావాలి. సొంత డిక్లరేషనే కదా అని తేలిగ్గా తీసుకోకండి. అబద్ధమని తేలితే రెండేళ్ల దాకా ప్రభుత్వ కొనుగోళ్ల నుంచి నిషేధించవచ్చు. చిన్న సంస్థకు రెండేళ్లంటే మూత పడ్డట్టే.

తనిఖీ ఎవరు చేస్తారులే అనే ధీమా కూడా వద్దు. కొన్నేళ్ల క్రితం ఒక జిల్లా ఇంజనీరింగ్ కాలేజీలో సరుకు దిగాక జరిగిన తనిఖీకి నేను వెళ్లాను. సప్లయర్ వేరే ఊరివాడు, పేరు అనవసరం. కమిటీలో ఎలక్ట్రానిక్స్ ల్యాబ్ చూసే ఒక అసిస్టెంట్ ప్రొఫెసర్ ఉన్నారు. ఆవిడ స్పెక్ షీట్ పక్కన పెట్టి, వరసలోంచి ఒక మెషిన్ తీయించి మూత విప్పించారు. ఎస్‌ఎంపీఎస్ మీద ‘మేడ్ ఇన్ ఇండియా’ అని కొత్త స్టిక్కర్ ఉంది. ఒక మూల కొద్దిగా లేచి ఉంది. గోటితో లాగితే కింద అసలు లేబుల్ బయటపడింది, వేరే దేశం పేరుతో. ఆవిడ ఏమీ అనలేదు. ఫోన్‌తో రెండు ఫొటోలు తీసి, ఇంకో నాలుగు మెషిన్లు విప్పమన్నారు. నాలుగింటిలోనూ అదే. లాట్ మొత్తం వెనక్కి పోయింది. అప్పటి నుంచి నా దగ్గరికి వచ్చే ప్రతి తయారీదారుకూ ఒకటే చెబుతున్నాను: ప్రతి మోడల్‌కి ఒక ఫైలు పెట్టండి. బీఓఎమ్ (మెషిన్‌లోని భాగాల పూర్తి జాబితా), ఒక్కో భాగానికి కొన్న బిల్లు, దిగుమతి అయితే బిల్ ఆఫ్ ఎంట్రీ (కస్టమ్స్‌కి ఇచ్చే దిగుమతి పత్రం) కాపీ, ఇక్కడ తయారైందంటే ఆ తయారీదారు ఇచ్చిన లోకల్ కంటెంట్ లేఖ. ధరలు మారినప్పుడల్లా శాతం మళ్లీ లెక్కేయండి. డాలర్ పెరిగితే మీ శాతం తగ్గుతుంది, ఆ సంగతి చాలామంది మరిచిపోతారు.

చైనా విడిభాగాల గురించి కూడా టెన్షన్ పడుతున్నట్టున్నారు. మనతో భూ సరిహద్దు ఉన్న దేశాల బిడ్డర్లు రిజిస్టర్ చేసుకోవాలన్న 2020 జూలై 23 ఉత్తర్వు ఉంది. అది బిడ్డర్లకు, సబ్-కాంట్రాక్టు తీసుకునేవాళ్లకు. మీరు అక్కడి నుంచి ముడిసరుకు, కాంపొనెంట్లు, సబ్-అసెంబ్లీలు కొనడాన్ని సబ్-కాంట్రాక్టుగా చూడరు. పూర్తయిన సరుకు తెచ్చి ఇస్తే మాత్రం కథ వేరు. కాంపొనెంట్లు కొన్నందుకు బిడ్ తిరస్కరిస్తే అభ్యంతరం పెట్టండి. అయితే లోకల్ కంటెంట్ లెక్కలో అవి దిగుమతి ఖాతాలోకే పోతాయి.

ఇక మీరు అడగని విషయం, నా దృష్టిలో అన్నిటికన్నా పెద్దది. లోకల్ కంటెంట్ చూసే దశకు రాకముందే చిన్న తయారీదారు బిడ్ బయటికి పోతుంది. టెక్నికల్ స్పెక్‌లోనే పని అయిపోతుంది. (వాటిలో ఓఈఎమ్ అంటే అసలు తయారీదారు, బయోస్ అంటే మెషిన్ ఆన్ చేయగానే మొదట నడిచే ప్రోగ్రామ్.) ‘మానిటర్, కీబోర్డు, మౌస్ అన్నీ సీపీయూ ఓఈఎమ్ బ్రాండ్‌వే అయ్యుండాలి’, ‘బయోస్ కాపీరైట్ ఓఈఎమ్ పేరున ఉండాలి’, ‘మదర్‌బోర్డు మీద ఓఈఎమ్ లోగో చెరిగిపోకుండా ముద్రించి ఉండాలి’, ‘ఛాసిస్ ఇన్ని లీటర్లు మించకూడదు’. ఒక్కొక్కటి చూస్తే నాణ్యత కోసం పెట్టినట్టే కనిపిస్తుంది. నాలుగూ కలిపి చదివితే రెండు మూడు కంపెనీలకు తప్ప ఎవరికీ సరిపోవు. దానికి తోడు ఏటీసీలో (కొనేవాళ్లు అదనంగా పెట్టే షరతుల్లో) విదేశీ సర్టిఫికేషన్ ఒకటి, ఓఈఎమ్ టర్నోవర్ ఇన్ని వందల కోట్లు అనే షరతు ఒకటి.

దేశీయ కంప్యూటర్‌ను ప్రోత్సహిస్తామని ఢిల్లీలో ఉత్తర్వు ఇచ్చి, జిల్లా ఆఫీసులో కాపీ-పేస్ట్ చేసిన స్పెక్‌తో దాన్ని చంపేయడం చూస్తే కడుపు మండుతుంది. చాలాచోట్ల ఇందులో అవినీతి కూడా ఉండదు. కొనే అధికారికి కంప్యూటర్ల గురించి తెలియదు, పోయిన సారి ఎవరో ఇచ్చిన స్పెక్ ఫైలు ఉంటుంది, ఆడిట్ అభ్యంతరం రాకూడదని దాన్నే మళ్లీ పెడతాడు. పెద్ద బ్రాండ్ కొంటే రేపు ఎవరూ ప్రశ్నించరన్న భయం కూడా ఉంటుంది.

మీ చేతిలో ఆయుధం లేకపోలేదు. విదేశీ సర్టిఫికేషన్లు, అసమంజసమైన స్పెక్‌లు, బ్రాండ్ పేర్లు పెట్టడం స్థానిక సరఫరాదారుల మీద వివక్ష కిందికి వస్తుందని ఆ ఉత్తర్వులోనే ఉంది. భారతీయ ప్రమాణం లేక విదేశీ సర్టిఫికేషన్ తప్పనిసరైతే శాఖ కార్యదర్శి స్థాయిలో రాతపూర్వక అనుమతి ఉండాలి. కాబట్టి బిడ్ తెరిచిన రోజే స్పెక్, ఏటీసీ పూర్తిగా చదవండి. అభ్యంతరం ఉంటే గడువు ముగిసేదాకా ఆగకండి, జెమ్‌లోనే రిప్రజెంటేషన్ పెట్టి ఒక కాపీ నేరుగా కొనే అధికారికి మెయిల్ చేయండి. ఆవేశంగా రాయొద్దు. ఏ షరతు, ఉత్తర్వులోని ఏ పేరాకు విరుద్ధం, దాని బదులు ఏం పెడితే నాణ్యత తగ్గకుండా పోటీ పెరుగుతుంది, ఈ మూడూ ఒక పేజీలో రాయండి. ‘బయోస్ కాపీరైట్’ అనే షరతును ఇలా రాసి తీయించిన సందర్భాలు నాకు తెలుసు. అధికారి నిజంగా ఆ షరతు ఎందుకుందో తెలియక పెట్టినప్పుడు, మర్యాదగా రాసిన లేఖ పనిచేస్తుంది. పోటీదారు లోకల్ కంటెంట్ అబద్ధమని ఆధారముంటే దానిమీదా ఫిర్యాదు చేయొచ్చు. దానికి రుసుము కట్టాలి, ఫిర్యాదు నిజమని తేలితే తిరిగిస్తారు. అనుమానం మీద వేయకండి, ఆధారం ఉంటేనే వేయండి.

టర్నోవర్ గోడకి సూక్ష్మ, చిన్న సంస్థల విధానం కొంత సాయపడుతుంది. ఉద్యమ్ (చిన్న సంస్థల ప్రభుత్వ నమోదు) రిజిస్ట్రేషన్ ఉంది కదా? తయారీదారుగా ఉందా, ట్రేడర్‌గా ఉందా చూసుకోండి. 2012 నాటి ఎంఎస్ఈ (సూక్ష్మ, చిన్న సంస్థల) ఉత్తర్వు కింద ఎల్1 కన్నా 15 శాతం లోపు రేటున్న చిన్న సంస్థ, ఎల్1 రేటుకు ఒప్పుకుంటే బిడ్‌లో 25 శాతం దాకా తీసుకోవచ్చు. ఈఎండీ (బిడ్‌తో కట్టే డిపాజిట్) మినహాయింపు ఉంటుంది. ఈ ప్రయోజనం ట్రేడర్లకు లేదు. టర్నోవర్, అనుభవం సడలింపు బిడ్ డాక్యుమెంట్లో ‘ఎంఎస్ఈ ఎగ్జెంప్షన్: ఎస్’ అని ఉంటేనే దొరుకుతుంది. మీరు క్లాస్-2 అయినా ఎంఎస్ఈ దారి మీకు తెరిచే ఉంది, మీ స్థాయికి ఇప్పుడు ఇదే ఎక్కువ పనికొస్తుంది. రెండు ప్రాధాన్యాలూ ఒకే బిడ్‌లో ఎదురెదురైతే ఏది ముందో ఆర్థిక శాఖ 2023 మేలో స్పష్టత ఇచ్చింది, ఆ మెమో ఫైల్లో పెట్టుకోండి.

రాష్ట్ర ప్రభుత్వాల కొనుగోళ్ల గురించి ఒక మాట. తెలంగాణ, ఆంధ్రప్రదేశ్ సొంత నిధులతో చేసే కొనుగోళ్లకు ఈ కేంద్ర ఉత్తర్వు దానంతటది వర్తించదు. కేంద్ర నిధులు పూర్తిగానో కొంతో ఉన్న పథకాలకు వర్తిస్తుంది. సమగ్ర శిక్షా కింద బడులకు కొనే కంప్యూటర్లు అలాంటివే. రాష్ట్ర టెండర్‌లో క్లాస్-1 మాట లేకపోతే ముందు నిధులు ఎక్కడివో చూడండి, ఆ తర్వాతే వాదించండి. కేరళ ఇంకో దారి పట్టింది. ప్రభుత్వ సంస్థ కెల్ట్రాన్ భాగస్వామ్యంతో ‘కొకోనిక్స్’ అనే సొంత ల్యాప్‌టాప్ బ్రాండే పెట్టింది. పిల్లలకిచ్చిన ల్యాప్‌టాప్‌ల మీద లోపాల ఫిర్యాదులు వచ్చి ఇబ్బంది పడింది. ప్రభుత్వమే అమ్మకందారు, ప్రభుత్వమే కొనేది అయినప్పుడు సర్వీసు కాల్‌కి ఎవరు జవాబుదారీ అన్న ప్రశ్న తప్పకుండా వస్తుంది.

హైదరాబాద్ వాళ్లకి ఇది కొత్త పాఠం కాదు. 1967లో పెట్టిన ప్రభుత్వ ఎలక్ట్రానిక్స్ సంస్థ ఈసీఐఎల్, 1969లో టీడీసీ-12 తయారుచేసింది. ట్రాంబే డిజిటల్ కంప్యూటర్ అని పూర్తి పేరు. 1970ల్లో దేశంలో కంప్యూటర్ కావాలంటే చాలా సంస్థలకు ఈసీఐఎలే దారి, దిగుమతికి అనుమతి దొరకడమే గగనం. ఆ రక్షణ వల్ల మన ఊళ్లో ఒక తరం ఇంజనీర్లు కంప్యూటర్‌ను మొదటి నుంచీ కట్టడం నేర్చుకున్నారు. అది చిన్న విషయం కాదు. కానీ కొనేవాడికి వేరే దారి లేనప్పుడు ధర తగ్గించాల్సిన, మోడల్ మార్చాల్సిన ఒత్తిడి తయారీదారు మీద ఉండదు. 1978 తర్వాత ప్రైవేటు కంపెనీలు, 1984 కంప్యూటర్ విధానంతో దిగుమతులు వచ్చేసరికి ఆ ఆధిపత్యం కరిగిపోయింది. ఈవీఎంల తయారీలో ఈసీఐఎల్ ఇప్పటికీ ఉంది. బ్రెజిల్ 1984లో చట్టం చేసి మరీ చిన్న కంప్యూటర్ల మార్కెట్‌ను సొంత కంపెనీలకు కేటాయించి, 1992లో ఎత్తేసింది. ఇప్పటి మన ఉత్తర్వులో నాకు నచ్చేది, దేశీయ తయారీదారుల మధ్య పోటీని అది చంపకపోవడం. ఎల్1 రేటుకు దిగి రమ్మంటుంది కాబట్టి ఖజానాకు అదనపు ఖర్చు ఉండదు.

ప్రభుత్వం సుంకం వేసి దిగుమతులు ఆపొచ్చు కదా అని మీ తమ్ముడు అన్నారట. ఆపలేదు. 1997లో మనం ఐటీ ఉత్పత్తుల అంతర్జాతీయ ఒప్పందంలో చేరాం, కంప్యూటర్ల మీద సుంకం సున్నా. మొబైల్ ఫోన్లు తదితర ఉత్పత్తుల మీద వేసిన సుంకాల కేసులో 2023 ఏప్రిల్‌లో డబ్ల్యూటీఓ ప్యానెల్ మనకు వ్యతిరేకంగానే చెప్పింది. అదే ఏడాది ఆగస్టు 3న ల్యాప్‌టాప్‌లకు దిగుమతి లైసెన్సు అన్నారు, గగ్గోలు పుట్టింది, నవంబర్ నుంచి నమోదుతో కూడిన అనుమతి పద్ధతిగా దాన్ని మార్చారు. ఇన్ని దారులు మూసుకున్నాక మిగిలింది ప్రభుత్వం తన సొంత వాడకానికి కొనే సరుకు. దానికి డబ్ల్యూటీఓ సాధారణ నియమాల నుంచి మినహాయింపు ఉంది, పైగా ప్రభుత్వ కొనుగోళ్ల ఒప్పందం మీద మనం సంతకం చేయలేదు. 2012లో ఇలాంటి విధానమే తెచ్చినప్పుడు దాన్ని భద్రత పేరుతో ప్రైవేటు రంగానికీ విస్తరించబోయారు. అమెరికా ఒత్తిడి వచ్చి 2013లో ఆ భాగం ఆపేశారు. కాబట్టి ఈ కొనుగోళ్ల ప్రాధాన్యం ఇప్పట్లో పోదు. అలాగని శాశ్వతమనీ అనుకోవద్దు. 2025 జూలైలో సంతకమైన బ్రిటన్ ఒప్పందంలో 20 శాతం బ్రిటన్ విలువ ఉన్న అక్కడి సరఫరాదారులను క్లాస్-2తో సమానంగా చూస్తామని ఒప్పుకున్నాం. క్లాస్-2లో కూర్చున్నవాడికి పోటీ పెరగబోతోంది.

ఇక మదర్‌బోర్డు లైన్. మీ పరిమాణానికి సొంత ఎస్‌ఎంటీ లైన్ (బోర్డు మీద చిప్‌లు బిగించే యంత్రాల వరస) పెట్టకండి. యంత్రం కొనడం ఒక ఎత్తు. దాన్ని రోజంతా నడిపేంత ఆర్డర్లు లేకపోతే వడ్డీ మింగేస్తుంది. ఐటీ హార్డ్‌వేర్‌కి 2023 మేలో 17,000 కోట్లతో తెచ్చిన పీఎల్‌ఐ-2 (ఉత్పత్తిని బట్టి ప్రోత్సాహకం ఇచ్చే పథకం) గురించి అడిగారు. పెట్టుబడి, అమ్మకాల షరతులు అందులో కోట్లలో ఉంటాయి, నేరుగా మీకు అందదు. కానీ దానివల్ల మీకు పరోక్షంగా మేలుంది. ఆ పథకంలోకి వచ్చిన కాంట్రాక్టు తయారీ కంపెనీలకు లైన్లు నింపుకోవడం అవసరం. బోర్డు డిజైన్ మీదో, లైసెన్సు తీసుకున్నదో పెట్టుకుని వాళ్లచేత జాబ్‌వర్క్‌గా చేయించుకోండి. ఒక్కరి ఆర్డర్ కనీస పరిమాణానికి సరిపోదు కాబట్టి మీలాంటి ముగ్గురు నలుగురు కలిసి ఒకే బోర్డు, ఒకే మానిటర్ మోడల్ ఖాయం చేసుకుని ఆర్డర్ ఇవ్వండి. హైదరాబాద్‌లో ఇది సాధ్యమే, నేను చూశాను. ర్యామ్, ఎస్‌ఎస్‌డీ మాత్రం ముందు మొదలుపెట్టండి. ఇక్కడ అసెంబుల్ అయిన మాడ్యూళ్లు ఇప్పుడు దొరుకుతున్నాయి, లోకల్ కంటెంట్ లేఖ ఇవ్వగల సప్లయర్‌ను ఎంచుకుంటే చాలు, మీ పెట్టుబడి ఏమీ లేదు. బీఐఎస్ (భారత ప్రమాణాల సంస్థ) రిజిస్ట్రేషన్ ఏ చిరునామాలో తయారీకి తీసుకున్నారో చూసుకోండి. షెడ్ మారిస్తే అది కూడా మార్చాలి, చాలామంది బిడ్లు ఇక్కడే తిరస్కరణకు గురవుతాయి.

డబ్బు సంగతి కూడా ఇప్పుడే చూసుకోండి. సరుకు దిగాక పది రోజుల్లో తనిఖీ చేసి సీఆర్‌ఏసీ (సరుకు అంది, అంగీకరించామన్న పత్రం) ఇవ్వాలి, ఆ తర్వాత పది రోజుల్లో పేమెంట్ అని జెమ్ నియమం. కాగితం మీద బాగానే ఉంటుంది. 30 ఊళ్లలో 30 కన్సైనీలు (సరుకు అందుకునే ఆఫీసులు) ఉన్న ఆర్డర్‌లో ఒక్క ఊరి సంతకం ఆగినా మీ డబ్బు ఆగుతుంది. మూడేళ్ల ఆన్‌సైట్ వారంటీ అంటే మూడేళ్ల పాటు ఆ ఊళ్లన్నిటికీ మనిషి వెళ్లాలి. మొదటి ఏడాది ఉమ్మడి హైదరాబాద్, రంగారెడ్డి, మెదక్, నల్గొండ జిల్లాలు దాటని బిడ్లే వేయండి. 50 మెషిన్ల లోపు, ఒకటి రెండు కన్సైనీలు ఉన్నవి. వాటి సర్వీసు రికార్డు, సీఆర్‌ఏసీలు రేపు పెద్ద బిడ్‌లో పాస్ట్ పెర్ఫార్మెన్స్ కింద పెట్టుకోవచ్చు.

ప్రస్తుతానికి డిక్లరేషన్లో క్లాస్-2 అనే పెట్టండి, అది కూడా నేను చెప్పిన పద్ధతిలో మీ అసలు బిల్లులతో లెక్క వేసి 20 దాటిందని తేలాకే. ఆ ఓడిపోయిన బిడ్ నంబరు, మీ తాజా బీఓఎమ్ పంపితే మీ శాతం ఎంతో, ఎక్కడ పెంచుకోవచ్చో వరస వారీగా చూసి చెబుతాను.